విజిల్ టీచర్ మూడో తరగతి

ఆ బడిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. పిల్లలకీ, తోటి టీచర్లకీ, గేటు దగ్గర కూర్చునే పెద్దాయనకీ ఆమె విజిల్ టీచర్. మెడలో నల్లతాడుకి ఒక స్టీలు విజిల్ ఎప్పుడూ వేలాడుతూ ఉండేది. దాన్ని ఊదడం మాత్రం అరుదు. ఆమె గొంతే చాలు. వాకిట్లో ఈ చివర నిలబడి పిలిస్తే, ఆ చివర గోడెక్కబోతున్న పిల్లాడు తనంతట తానే దిగిపోయేవాడు.

ఆమెకు చిన్నప్పటి నుంచీ వాలీబాల్ పిచ్చి. కాలేజీ జట్టులోనూ, ఆ తర్వాత కొంతకాలం ఒక బల్బుల ఫ్యాక్టరీ జట్టులోనూ ఆడింది. ఎగిరి బంతిని బాది చప్పట్లు కొట్టించుకునే స్థానం కాదు ఆమెది. బాదేవాళ్లకి బంతి అందించే స్థానం. వేళ్ల కొసలతో బంతిని నెట్ పక్కన కావలసినంత ఎత్తుకి, ఇంతైనా తేడా రాకుండా లేపేది. “నువ్వు అందిస్తే కళ్లు మూసుకుని కొట్టొచ్చే” అనేవాళ్లు తోటి అమ్మాయిలు. లోలోపల పొంగిపోతూనే, “మూసుకుంటే నెట్‌కి తగులుతుంది, తెరిచే కొట్టండి తల్లీ” అనేది పైకి.

పెళ్లయ్యాక ఈ బడిలో ఆటల టీచరుగా చేరింది. భర్త ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్. అత్తగారు ఒక ఆసుపత్రి లాండ్రీలో పనిచేసి రిటైరైంది. బడికి మైదానమంటూ పెద్దగా లేదు. రెండు భవనాల మధ్య సిమెంటు వాకిలి, ఒక పక్క సైకిళ్ల షెడ్డు, ఇంకో పక్క నీళ్ల ట్యాంకు కింద వరసగా కుళాయిలు. ఆ కాస్త జాగాలోనే నెట్ కట్టి పెద్ద తరగతుల పిల్లలతో ఆడించేది. బంతి షెడ్డు రేకు మీద పడితే ధణేల్మనేది. ఆ చప్పుడుకి అందరూ అలవాటు పడిపోయారు.

ఒక వర్షం పొద్దున, నెట్ చుట్ట భుజాన వేసుకుని మెట్లు దిగుతూ జారింది. పడటం పడటం కుడి భుజం మీద పడింది. ఆపరేషన్ అయింది, కట్లు విప్పారు, నెలల తరబడి వ్యాయామాలు చేయించారు. చివరికి చెయ్యి గడ్డం దాకా లేచింది. అక్కడ ఎవరో లోపలినుంచి గొళ్లెం పెట్టినట్టు ఆగిపోయింది.

“ఇంతేనమ్మా, ఇక లేవదు” అన్నాడు డాక్టరు. “తినొచ్చు, రాసుకోవచ్చు. తల దువ్వుకోవడం కష్టం. బంతి సంగతి మర్చిపోండి.”

“మర్చిపోడానికి అది గుర్తుపెట్టుకుని నేర్చుకున్నది కాదండీ” అంది ఆమె. మందుల చీటీ తీసుకుని బయటికొచ్చింది.

తిరిగి బడికి వెళ్లిన రోజు హెడ్మాస్టరు కుర్చీ చూపించి టీ తెప్పించాడు. మంచి మనిషి. చెప్పలేని మాట చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఆయన కళ్లజోడు తుడుచుకుంటాడు. ఆ రోజు తెగ తుడిచాడు.

“మీరు లేనప్పుడు ఒక కుర్ర కోచ్‌ని పెట్టాం. పెద్ద పిల్లల్ని బాగానే చూసుకుంటున్నాడు. మీకేమో లైబ్రరీ అయితే హాయిగా ఉంటుందని...”

“చెయ్యి లేవకపోతేనేం సార్, నోరు లేస్తుంది కదా.”

ఆయన నవ్వాడు. నవ్వాక మళ్లీ అద్దాలు తుడిచాడు. “ఆటల టీచరంటే చేసి చూపించాలి కదమ్మా. సంగీతం టీచరు పాడకుండా పాటెలా నేర్పుతుంది?”

ఆమె కుర్చీలోంచి లేవలేదు. టీ కప్పు పక్కకి జరిపి, “మూడో తరగతి నాకివ్వండి” అంది.

మూడో తరగతి అంటే ఎవరూ ముందుకు రారని ఇద్దరికీ తెలుసు. కిందటేడాది పెద్ద పిల్లలు కొట్టిన బంతి గురి తప్పి ఆ తరగతి పాప ముఖానికి తగిలింది. కళ్లజోడు పగిలి కనుబొమ్మ చీరుకుపోయింది. మందుల షాపాయన కూతురు ఆ పాప. కారిన రక్తాన్ని తరగతంతా చూసింది. అప్పటినుంచీ బంతి కనపడితే చాలు, ఆ పిల్లలంతా గోడకి కరుచుకుపోతున్నారు. కుర్ర కోచ్ రెండుమూడు సార్లు ప్రయత్నించి చేతులెత్తేశాడు.

“వాళ్లకి బంతంటే భయం, నాకు బంతి అందదు. సరిజోడీ సార్” అంది ఆమె.

హెడ్మాస్టరు ఆలోచించాడు. “ఏడాది చివర్లో తల్లిదండ్రులొచ్చే రోజు ఉంది కదా. ఆ రోజు మూడో తరగతి వాకిట్లో వాలీబాల్ ఆడితే మీ క్లాసులు మీవే. ఆడకపోతే మారు మాట్లాడకుండా లైబ్రరీ తాళం తీసుకోవాలి. సరేనా?”

“సరే.”

మొదటి క్లాసు ఘోరంగా సాగింది. నోటితో చెప్తే చాలనుకుంది ఆమె. ముంజేతులు కలపండి, మోకాళ్లు వంచండి, మోచేతులు మడవకండి అంటూ వరసగా చెప్పుకుపోయింది. పిల్లలు బుద్ధిగా చేతులు చాచారు. ఒకడు బిచ్చం అడుగుతున్నట్టున్నాడు. ఒకడు పోలీసుకి లొంగిపోతున్నట్టున్నాడు. ఇంకో పిల్ల మోకాళ్లు వంచమన్నారు కదా అని ఏకంగా కూర్చుండిపోయింది. ఆమె ఎడమచేత్తో బంతిని మెల్లిగా విసిరింది. అంతే, పిట్టల గుంపులో రాయి పడ్డట్టు చెదిరిపోయారు. మందుల షాపు పాప గోడవైపు తిరిగి రెండు చేతులతో ముఖం కప్పేసుకుంది.

ఒక పిల్లాడు దొర్లిపోతున్న బంతిని కాలితో తన్నాడు. అది గాల్లోకి లేచి సరిగ్గా ఆమె తలమీదకొచ్చింది. ఆలోచించే లోపే పాత అలవాటు కొద్దీ రెండు చేతులూ పైకి లేచాయి. ఎడమది లేచింది. కుడిది గడ్డం దగ్గర ఆగిపోయింది. బంతి నుదుటికి తగిలి పక్కకి పోయింది.

పిల్లలు కిలకిలా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. గంట కొట్టాక సామాన్ల గదిలోకి వెళ్లి, చుట్టి పెట్టిన చాపల మధ్య కూర్చుని ఏడ్చింది. తర్వాత కుళాయి దగ్గర ముఖం కడుక్కుని, బంతుల సంచిని గదిలో పెట్టి తాళం వేసి ఇంటికెళ్లింది.

సాయంత్రం మేడ మీద అత్తగారు ఆరిన బట్టలు తీస్తోంది. ఆసుపత్రిలో అన్నేళ్లు దుప్పట్లు మడతపెట్టిన మనిషి. ముడత కనిపిస్తే ఆవిడకి నిద్రపట్టదు.

“అమ్మాయ్, ఈ కొస పట్టు. గట్టిగా లాగు. అంత గట్టిగా కాదే, చిరుగుద్ది!”

ఇద్దరూ దుప్పటిని చెరో పక్కా పట్టుకున్నారు. పైన తీగమీద చిక్కుకుని ఉన్న మేజోళ్ల ఉండ జారి దుప్పటి మధ్యలో పడింది. అత్తగారు విసుక్కుంటూ దుప్పటిని ఒక్క విదిలింపు విదిలించింది. మేజోళ్లు ఎగిరాయి. కోడలు తెలియకుండానే రెండడుగులు పక్కకి జరిగి, మోకాళ్లు వంచి, దుప్పటితో వాటిని పట్టుకుంది. మళ్లీ ఎగరేసింది. ఈసారి అత్తగారు పక్కకి జరిగింది.

“ఏంటే ఇది? మడత పెట్టడమా, ఆటా?”

“అత్తయ్యా, మీ కాళ్లు చూసుకోండి.”

“నా కాళ్లకేమైంది?”

“ఎవరు చెప్పారు మీకు మోకాళ్లు వంచమని? ఎవరు చెప్పారు బంతి కిందకి జరగమని?”

“ఎవరూ చెప్పలేదు. అది పడిపోతుంటే నిలబడి చూస్తానా?”

ఆమె దుప్పటిని అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఇన్నేళ్లూ పిల్లలకి తను చూపించింది ఏమిటి? తన ఆకారం. ఇలా నిలబడు, ఇలా వంగు అని. వాళ్లు తనని చూసేవాళ్లు తప్ప బంతిని చూసేవాళ్లు కాదు. బంతి ఏం చేస్తే కాళ్లు వాటంతట అవి జరుగుతాయో, చేతులు వాటంతట అవి కలుస్తాయో, అలాంటి ఆట పెడితే? చేసి చూపించాల్సిన అవసరమే రాదు.

“పాత దుప్పట్లు ఏమైనా ఉన్నాయా అత్తయ్యా?”

“ఉన్నాయి. చింపితే మాత్రం నువ్వే కుట్టాలి. నా దగ్గరకి తేకు” అంది అత్తగారు. అని, కిందకి వెళ్లి పెట్టె తెరిచింది.

మర్నాటి నుంచి మూడో తరగతి క్లాసులో నిజమైన బంతి కనపడలేదు. నలుగురు పిల్లలకి ఒక దుప్పటి. మధ్యలో గుడ్డ ఉండ. దుప్పటితో ఎగరెయ్యాలి, పక్క దుప్పటి వాళ్లు పట్టుకోవాలి. ముందు అందరూ ఎవరి వైపు వాళ్లు లాక్కుని కిందపడ్డారు. తర్వాత ఎవరో ఒకరు “ఇటు, ఇటు!” అనడం మొదలుపెట్టారు. నలుగురూ కలిసి జరగడం వచ్చింది. పరిగెత్తేటప్పుడు కాళ్లు అడ్డం పడుతున్నాయని ఆమె పీత నడక పెట్టింది. ముఖం ముందుకే ఉండాలి, అడుగులు మాత్రం పక్కకి. మధ్యాహ్నం గంట కొట్టగానే తరగతి తరగతంతా పీతల్లా కుళాయిల దగ్గరికి పోతుంటే, గేటు పెద్దాయన “వీళ్లకేమైందమ్మా?” అని కంగారుగా వచ్చి అడిగాడు.

తర్వాత బెలూన్లు. బెలూన్ మెల్లిగా దిగుతుంది. భయపడటానికి కావలసినంత సమయం ఇస్తుంది, భయం తీరాక ఇంకా సమయం మిగులుతుంది. బెలూన్లు ఊదడానికి ఆమె భర్త తన షాపులోంచి చిన్న పంపు తెచ్చి ఇచ్చాడు.

“ఇందులో ఫ్రిజ్‌లో పెట్టే గ్యాసేమీ రాదుగా?” అంది అనుమానంగా.

“రాదులేవోయ్. వచ్చినా పిల్లలు కాస్త చల్లబడతారు, మీకే మంచిది” అన్నాడాయన.

బెలూన్‌ని నేలకి తగలనివ్వకూడదు, అంతే ఆట. అరచేతులతో వద్దు, మణికట్టు పైభాగంతోనే లేపాలి అని ఒక నియమం కలిపింది ఒక రోజు. దానికి ‘పళ్లెం’ అని పేరు పెట్టింది. రెండు ముంజేతులూ కలిస్తే పళ్లెం. పళ్లెం వంకరైతే వడ్డించింది కారిపోతుంది. గుడ్డ ఉండని పళ్లెం మీద పెట్టుకుని వాకిలి ఈ కొస నుంచి ఆ కొసకి నడవాలి. పరుగు పందెంలో ఎప్పుడూ వెనకబడే ఒక బొద్దు పిల్లాడు ఇందులో అందరినీ ఓడించాడు. వాడి పళ్లెం కదలనే కదలదు. ఆ రోజు నుంచి వాడు క్లాసు గంట కొట్టకముందే చేతులు కలుపుకుని తలుపు దగ్గర నిలబడేవాడు.

ఇంకో ఆట ‘కిటికీ’. రెండు చేతుల బొటనవేళ్లూ చూపుడువేళ్లూ కలిపి నుదుటి మీద కిటికీ చెయ్యాలి. అందులోంచి బెలూన్ కనపడుతుంటేనే నెట్టాలి. ఆ కిటికీని కూడా ఆమె చేసి చూపించలేదు. “మీ కిటికీ ఎక్కడుంది? నాకు మీ కళ్లు కనపడాలి” అనేది. పిల్లలే ఒకరి చేతులు ఒకరు సరిచేసుకునేవాళ్లు.

అందరిలోకీ కష్టం మందుల షాపు పాపతోనే. దుప్పటి పట్టుకునేది కానీ, బెలూన్ దగ్గరికొస్తే కళ్లు గట్టిగా మూసుకునేది. ఒక రోజు వాళ్లమ్మ షాపు కట్టేసి మరీ వచ్చింది.

“మా పాపని ఆటలకి పంపనండీ. ఒకసారి తగిలింది చాలు. కన్ను పోతే ఎవరు తెస్తారు?”

“మీ భయం నాకు తెలుసమ్మా” అంది విజిల్ టీచర్. “నేను మెట్ల మీద పడ్డాక, మెట్లు చూస్తే ఇప్పటికీ కాళ్లు వణుకుతాయి. అయినా మా స్టాఫ్ రూము పైనే ఉంది కదా, ఎక్కక తప్పుతుందా? బెలూనొక్కటే ఆడిస్తాను. పగిలితే పగిలేది బెలూనే. మీరు కూడా వచ్చి కూర్చోండి, చూడండి.”

“షాపు వదిలి నేనెక్కడ కూర్చుంటానండీ!” అంది ఆమె. అంటూనే ఆ గంటంతా మెట్ల మీద కూర్చుంది.

కళ్లు తెరువు, కళ్లు తెరువు అని చెప్తే ఎవరూ తెరవరు. ఆ సంగతి విజిల్ టీచర్‌కి అర్థమైంది. ఆ రోజు బెలూన్ల మీద స్కెచ్‌పెన్‌తో పెద్ద పెద్ద అక్షరాలు రాసింది. బెలూన్ కిందకి దిగే లోపు దాని మీది అక్షరం గట్టిగా చదవాలి, చదివాకే తాకాలి. పాప మొదటి బెలూన్‌కి కళ్లు మూసుకుంది. అక్షరం చెప్పలేకపోయింది. రెండోదానికి ఒక కన్ను తెరిచింది.

“మ” అంది సన్నగా.

“అది ‘య’. సరిగ్గా చూడు, తల్లీ.”

పాపకి కోపమొచ్చింది. చదువులో క్లాసుకే ఫస్టు, అక్షరం తప్పంటే ఊరుకుంటుందా? రెండు కళ్లూ తెరిచి, బెలూన్ మీది అక్షరాన్ని కొస దాకా చూసింది. “‘మ’ యే టీచర్! మీరే తప్పు!” అని అరిచి, పళ్లెంతో ఒక్క తోపు తోసింది. బెలూన్ లేచింది. నిజానికి అది ‘మ’ యే. టీచర్ కావాలనే తప్పు చెప్పింది. మెట్ల మీద వాళ్లమ్మ చెంగుతో ముక్కు తుడుచుకుంటూ, తుమ్మొచ్చినట్టు నటించింది.

పిల్లలకి ఇంకో జబ్బుంది. అది మొహమాటం. బెలూన్ ఇద్దరి మధ్యకొస్తే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు. నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో. ఈలోపు అది నేల మీద పడేది. ఇంట్లో నేర్పిన మర్యాద వాకిట్లో ఆటని ముంచుతోంది. అందుకని ‘నాది’ ఆట పుట్టింది. బంతి ఎవరివైపొస్తే వాళ్లు గొంతెత్తి “నాది!” అనాలి. అనకుండా తాకితే లెక్కలోకి రాదు. మొదట్లో దోమ పాడినట్టు అనేవాళ్లు. వారం తిరిగేసరికి భవనం అదిరిపోయింది.

పై అంతస్తు నాలుగో తరగతి టీచర్ కిటికీలోంచి తల బయటపెట్టింది. “విజిల్ టీచర్! నేనిక్కడ భాగహారం చెప్తున్నాను. అందరికీ సమానంగా పంచాలర్రా అని నేనంటుంటే, కింద మీవాళ్లు నాది, నాది అని మొత్తుకుంటున్నారు. లెక్కలు ఎలా ఎక్కుతాయి?”

“మిగిలిన శేషం మాకు పంపండి టీచర్, మేం చూసుకుంటాం!” అంది విజిల్ టీచర్. ఆవిడ నవ్వుతూ కిటికీ మూసేసుకుంది.

కుర్ర కోచ్ ఒక రోజు షెడ్డు దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. పొగరుబోతు కాదు, కానీ మనసులో మాట దాచుకోలేడు. “బాగుంది మేడమ్, పిల్లలు సరదా పడుతున్నారు. కానీ ఇది వాలీబాల్ కాదు కదా” అన్నాడు.

ఆ మాట సూదిలా గుచ్చుకుంది. అందులో నిజం ఉంది కాబట్టే గుచ్చుకుంది. బెలూన్లతో ఎన్నాళ్లు? ఆ మర్నాడే తాళం తీసి నిజమైన బంతిని తెచ్చింది. తొందరపడింది. బంతి తగలగానే ముంజేతులు ఎర్రబడ్డాయి. ఇద్దరు ఏడ్చారు. మందుల షాపు పాప మళ్లీ గోడ దగ్గరికి చేరింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె బంతిని ఒళ్లో పెట్టుకుని నొక్కుతూ కూర్చుంది. భర్త చూసి చూసి, “గాలి ఎక్కువుంటే కంప్రెసరైనా గోల చేస్తుంది. కాస్త తీసెయ్యరాదూ?” అన్నాడు.

తీసేసింది. సగం గాలి బంతి మెత్తగా, బద్ధకంగా పడుతుంది. దానిమీద అత్తగారు పాత స్వెటరు చేతిని తొడిగి కుట్టింది. “టోపీ పెట్టుకున్న బంతి కొట్టదు” అని పిల్లలకి చెప్పింది విజిల్ టీచర్. దాంతో పళ్లెం ఆట మళ్లీ మొదటినుంచి. కొన్నాళ్లకి టోపీ తీసింది. ఇంకొన్నాళ్లకి పంపు తెచ్చి రోజూ కొంచెం కొంచెం గాలి ఎక్కించింది. ఎప్పుడు పూర్తిగా నిండిందో పిల్లలకి తెలియనే లేదు. చెయ్యి మంటపెడితే ఊదుకుని, మళ్లీ చాచేవాళ్లు.

అయినా ఒక్క చోట బండి ఆగిపోయింది. వాకిలికి అడ్డంగా తాడు కట్టి, దానికి గుడ్డపేలికలు వేలాడదీసి నెట్ చేసింది. ముంజేతులతో కిందనుంచి లేపడం పిల్లలకి వచ్చింది. తల పైనుంచి బంతిని తాడు దాటించడం రావట్లేదు. కిటికీ దాకా బాగానే తెచ్చి, అక్కడినుంచి తోసేసేవాళ్లు. మోచేతులు విచ్చుకుని, వేళ్లు మెత్తగా లోపలికి తీసుకుని బయటికి పంపే ఆ చిన్న క్షణం ఏ ఆటలోనూ ఇమడలేదు. ఆమె ఎన్ని ఆటలు మార్చి చూసిందో! అది కళ్లతో చూడాల్సిన సంగతి. చూపించాలంటే చెయ్యి లేవాలి. పంతంతో మరో వారం గడిపింది. తల్లిదండ్రులొచ్చే రోజు దగ్గరపడుతోంది. కుర్ర కోచ్‌ని అడగడమంటే ఆమెకి ప్రాణం పోయినంత పనైంది. అతను తన కుర్చీలో కూర్చున్న మనిషి. అడిగితే, చేతకాదని తానే ఒప్పుకున్నట్టు కాదూ?

అప్పుడొక రోజు బొద్దు పిల్లాడు అడిగాడు. “టీచర్, మీకు రాదా ఇది?”

“వచ్చురా. చెయ్యి రాదు.”

“మరి ఎవరిదైనా చెయ్యి తెచ్చుకోవచ్చు కదా. నాకు పెన్ను లేకపోతే పక్కవాడిది తెచ్చుకుంటాను.”

ఆమె వాడి ముఖంలోకి చూసింది. వాడు ఎగతాళి చెయ్యట్లేదు. నిజంగానే సలహా ఇస్తున్నాడు. ఆ మధ్యాహ్నమే స్టాఫ్ రూములో టీ తాగుతున్న కోచ్ దగ్గరికెళ్లింది.

“నీ కుడిచెయ్యి ఒక వారం నాకు కావాలి నాయనా.”

అతను కప్పు కింద పెట్టాడు. “అంటే?”

“నేను చెప్తాను, నువ్వు చెయ్యి. మాట మాత్రం నాదే. నువ్వు లైన్లు కట్టించకూడదు, పిల్లల మీద అరవకూడదు.”

కుర్రాడు లేచి నిలబడ్డాడు. “మీరు ఫ్యాక్టరీ జట్టులో ఆడేటప్పుడు నేను చూశాను మేడమ్. చిన్నవాణ్ణి, మా మావయ్య తీసుకొచ్చాడు. మీరు బంతి అందించడం చూసే నేను ఈ ఆటలోకి వచ్చాను. అడుగుతారేమోనని అనుకుంటూనే ఉన్నాను” అన్నాడు.

“అనుకున్నవాడివి నోరు తెరవొచ్చుగా! నీకూ ‘నాది’ ఆట పెట్టాలి” అంది ఆమె. టీ గిన్నెలో ఇంకా ఉందా అని అడిగింది, మాట మార్చడానికి.

ఆ వారమంతా వాకిట్లో వింత సాగింది. అతను తాడు దగ్గర నిలబడేవాడు, ఆమె పక్కన. “ఆగు. ఇప్పుడు పట్టుకోకు, పలకరించు. పిల్లలూ, అన్న వేళ్లు చూడండి. వేళ్లు వేడి గిన్నెని ముట్టుకున్నట్టు లేవూ?” అనేది. అతను బంతిని పంపేవాడు. పిల్లలు చూసేవాళ్లు. అంతకుముందు ఎన్నో రోజులు కిటికీలోంచి బంతిని చూసీ చూసీ అలవాటు పడ్డ కళ్లు కదా, వేళ్లలో జరిగేదాన్ని ఇట్టే పట్టుకున్నాయి. మూడోనాటికి బంతి తాడు దాటింది. మొదట దాటించింది ఆ తరగతిలో ఒకేలాంటి చెవిపోగులు పెట్టుకుని వచ్చే కవలపిల్లల్లో ఒకరు. ఏ కవలో ఇప్పటికీ తేలలేదు, ఇద్దరూ “నాది!” అంటారు.

తల్లిదండ్రులొచ్చే రోజు వాకిలి చుట్టూ బెంచీలు వేశారు. హెడ్మాస్టరు ఉపన్యాసం అయ్యాక పిల్లలు రెండు జట్లై ఆడతారనుకున్నారందరూ. విజిల్ టీచర్ ముందుకొచ్చి, “ఆట ఇలా. తాడుకి ఆ పక్క పిల్లలు, ఈ పక్క అమ్మానాన్నలు. లేవండి” అంది.

బెంచీల మీద గుసగుసలు. నాకు రాదంటే నాకు రాదని వెనక్కి జరిగారు. ఆట చూద్దామని వచ్చిన అత్తగారు ముందు వరసలోంచి లేచి, కొంగు దోపుకుని తాడు దగ్గర నిలబడింది. ఆవిడ లేచాక కూర్చోవడానికి ఎవరికీ ముఖం చెల్లలేదు.

బంతి పిల్లల వైపునుంచి వచ్చింది. పెద్దవాళ్ల మధ్యలో, ఇద్దరు నాన్నల ఎదురుగా పడబోయింది. ఆయన ఈయన్ని చూశాడు, ఈయన ఆయన్ని చూశాడు. “మీరు తీసుకోండి” అన్నాడొకాయన మర్యాదగా. బంతి ఇద్దరి మధ్యా నేలకి తగిలింది.

“నాది అనాలి నాన్నా! అరవాలి!” అని తాడు అవతలినుంచి అంతా గోల పెట్టారు.

ఆ తర్వాత ఆట సాగింది. పెద్దవాళ్ల చేతుల్లోంచి బంతి ఎటుపడితే అటు పోయేది. ఒకసారి మందుల షాపు అమ్మ కొట్టిన బంతి ఎత్తుకి లేచి, సూటిగా వాళ్ల పాప మీదకే దిగసాగింది. తల్లి “అయ్యో!” అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పాప గోడవైపు తిరగలేదు. తలెత్తి చూసింది. కళ్లజోడు అద్దాల మీద ఎండ మెరిసింది. పీతలా పక్కకి రెండడుగులు వేసి, “నాది!” అని కేక పెట్టి పళ్లెం చాచింది. బంతి లేచింది. లేచి తాడు వైపు కాకుండా వెనక్కి పోయి, హెడ్మాస్టరు ముందున్న నీళ్ల గ్లాసుని పడగొట్టింది.

ఆయన తడిసిన కాగితాలు దులుపుకుంటూ లేచాడు. జేబులోంచి రుమాలు తీసి కళ్లజోడు తుడుచుకున్నాడు. చెప్పలేని మాట ఏదో చెప్తాడని విజిల్ టీచర్ ఎదురుచూసింది. ఆయన బంతి తీసుకుని తాడు దగ్గరికి నడిచొచ్చాడు. “ఈ పక్క ఒక మనిషి తక్కువైనట్టుంది” అన్నాడు.

ఆ వేసవి తర్వాత చిన్న తరగతులన్నీ ఆమెకే వచ్చాయి. పెద్ద తరగతులు కోచ్‌వి. నెలకొకసారి ఇద్దరూ కలిసి క్లాసు తీసుకునేవాళ్లు. ఆమె చెయ్యి గడ్డం దాటి లేవలేదు, లేస్తుందని ఆమె ఎదురుచూడటమూ మానేసింది. సంగతి ఆనోటా ఈనోటా పాకి, మిగతా బళ్ల ఆటల టీచర్లు చూడటానికి రావడం మొదలైంది. వాళ్లు బెంచీలు వేయించుకుని, పెన్నులు తీసి, రాసుకోవడానికి సిద్ధపడి కూర్చునేవాళ్లు.

“రాసుకుంటే రాదండీ” అనేది ఆమె. “చెప్పులు విప్పి ఇలా రండి.”

అలా వచ్చిన ఒక పెద్దావిడ మొన్న లేవడానికి తటపటాయించింది. “నాకు మోకాళ్ల నొప్పులమ్మా. వంగలేను.”

“నాకు చెయ్యి లేవదు. మీకు మోకాలు వంగదు. మనిద్దరం కలిస్తే ఒక మనిషి అవుతాం, పదండి” అంటూ విజిల్ టీచర్ ఆవిడకి దుప్పటి కొస అందించింది.